ఉగాది ముగ్గుల వీధి: రోడ్డు మూసివేతకు వచ్చిన అభ్యంతరం

అనుమతుల టీమ్: అందరికీ నమస్తే. ముగ్గుల కోసం డౌన్‌టౌన్ వీధిని శనివారం పొద్దున 6 నుంచి రాత్రి 9 దాకా మూయాలని సిటీకి దరఖాస్తు పెట్టాం కదా. ఆ వీధిలో షాపు పైన మేడమీద ఉండే ఒక పెద్దావిడ అభ్యంతరం రాశారు. వాళ్లాయనకు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. తీసుకెళ్లే బండి గుమ్మం ముందే ఆగాలట. ముగ్గులంటే తనకేం పేచీ లేదని, తలుపుకి నోటీసు అంటించారే గానీ ఒక్క మాట అడగలేదని రాశారు. మిగతావాళ్లెవరూ ఏమీ అనలేదు. శుక్రవారంలోగా మనం జవాబివ్వాలి.

స్టేజీ, పార్కింగ్ టీమ్: ఒక్కరి కోసం అంతా ఆపుతామా అక్కా? షాపుల వాళ్లతో సంతకాలు పెట్టిద్దాం. యాభై ఉత్తరాలు పోతే సిటీ వాళ్లే ఒప్పుకుంటారు.

ముగ్గుల టీమ్ (ఇప్పుడు హైదరాబాద్‌లో): అన్నా, సంతకాలు వద్దు. ఆ యాభై మంది సాయంత్రానికి ఇళ్లకెళ్లిపోతారు. ఆవిడ ఇల్లు అదే.

నేను కవాడిగూడలో అమ్మావాళ్లింట్లో కూర్చుని రాస్తున్నాను. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం 5 నుంచి 10 దాకా బండ్లు ఆపడం మొదలుపెట్టినప్పుడు మా ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. 1986లో అక్కడ పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాలను చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచే చూశాను. మొల్ల దగ్గర, వేమన దగ్గర నిలబడి పిల్లలకు పేర్లు చదివి వినిపించింది అప్పుడే. రోడ్డు మనుషులకిస్తే ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

అలాంటి ఒక ఆదివారమే నాన్నకు ఆయాసం వచ్చింది. ఆసుపత్రి హుస్సేన్‌సాగర్ అవతలి ఒడ్డున. పైన రోడ్డు లేదని ఆటో అతను కింద నుంచి, లోయర్ ట్యాంక్‌బండ్ మీదుగా తిప్పాడు. ఆ దారంతా మళ్లించిన బండ్లే. నాన్న నా భుజం మీద తల వాల్చి, ఇంకెంత దూరమని అడుగుతూనే ఉన్నాడు. గండం గడిచింది, ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆవిడ రాసింది చదవగానే ఆ ఆటోయే గుర్తొచ్చింది.

ఫైరింజన్ కోసం 20 అడుగులు ఎలాగూ వదలాలి, బండిని అందులోంచి పంపిద్దాం అంటారేమో. డయాలసిస్ ఒక్కో విడతకు నాలుగు గంటల దాకా పడుతుంది. అయ్యాక మనిషిలో ఓపిక ఉండదు. అలాంటాయన్ని జనంలోంచి, మైకుల హోరులోంచి ఇంటికి చేర్చడం న్యాయం కాదు. విడత మానడానికి వీల్లేదు, రోజు మార్చుకోవడం కూడా అంత తేలిక కాదు. మార్చుకోగలిగింది మనమే.

నిన్న ఎం.ఎస్. మక్తాకి వెళ్లొచ్చాను. 2016లో స్టార్ట్ (St+art) ఇండియా అనే వీధి చిత్రాల సంస్థ వాళ్లు ఇళ్ల గోడలనిండా బొమ్మలు వేసిన బస్తీ అది. కొన్నిచోట్ల రంగు వెలిసింది. బొమ్మ గోడ మీద ఉంటే కింద స్కూటర్లు తిరుగుతూనే ఉంటాయి. ముగ్గు సంగతీ అంతే కదా. తెల్లారకముందే ఎవరి వాకిట్లో వాళ్లు వేసుకుంటాం, దాటుకుంటూ ఎవరి పనికి వాళ్లు పోతారు. వాకిలి ముగ్గు కోసం ఇంకొకరి వాకిలి మూయడం నాకు మింగుడుపడటం లేదు.

బ్యాంకు, ఆఫీసులు ఉన్న పక్క బ్లాకు అడుగుదాం. అక్కడ ఇళ్లు లేవు, శనివారం ఖాళీ. పెద్ద చుక్కల ముగ్గు, పోటీ, స్టేజీ అన్నీ అటు. ఈ వీధిలో షాపుల వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల గుమ్మాల ముందు చిన్న ముగ్గులు, చక్రాల కుర్చీకి దారి వదిలి. రంగుల కోసం బేగంబజార్ వెళ్దామనుకుని ఆగిపోయాను. వానొస్తే ఆ రంగంతా కాలువలోకే పోతుంది. బియ్యప్పిండి, పసుపు, కడిగితే పోయే సుద్దముక్కలు చాలు. అయ్యాక నీళ్లు కొట్టకుండా ఊడ్చి ఎత్తుదాం.

జవాబు రాసేలోపు ఇద్దరు ఆవిడ ఇంటికి వెళ్లండి. కరపత్రం తీసుకెళ్లకండి. ముందు బండి ఎన్నింటికొస్తుందో అడగండి.

స్టేజీ, పార్కింగ్ టీమ్: మంచిగ చెప్పినవ్ అక్కా, నేనట్ల ఆలోచించలే. సంతకాల మాట ఎనక్కి తీసుకుంటున్న. రేపు పొద్దుగూకినంక నేనే పోతా.

అనుమతుల టీమ్: ఇద్దరం వెళ్లొచ్చాం. బండి ఐదున్నరకు వస్తుంది, పదకొండు దాటాక తిరిగొస్తుంది. మీరు అడగడానికి వచ్చారా, చెప్పడానికి వచ్చారా అని మొదట గుమ్మంలోనే నిలబెట్టారు. అడగడానికే అన్నాక కూర్చోమన్నారు. ఈ పూట పక్క బ్లాకుకి దరఖాస్తు మార్చి పంపాను. ఆయన ఇల్లు చేరేదాకా ఆ మూల మైకు పెట్టం. స్టేజీకి కరెంటు దూరమైంది, ఇంకో జెనరేటర్ కావాలి. ఎవరి దగ్గరైనా ఉందా?