ఒత్తిడి స్కోర్లకు టీ-టెస్టా, మాన్-విట్నీయా? షాపిరో-విల్క్ మాట ఎంతవరకు వినాలి?

స్కాలర్_మనస్తత్వం
అందరికీ నమస్కారం. పీఎస్‌ఎస్-10 స్కేలుతో డేటా తీసుకున్నాను. గత నెల రోజుల్లో ఎంత ఒత్తిడి అనిపించిందో అడిగే పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 0 నుంచి 40. హాస్టల్ విద్యార్థులు 20 మంది, డే స్కాలర్లు 60 మంది. డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) పరుచుకుందో లేదో చూసే షాపిరో-విల్క్‌లో డే స్కాలర్లకు పీ విలువ (0.05 కంటే తక్కువైతే నార్మల్ కాదంటారు) 0.04, హాస్టల్ వాళ్లకు 0.31 వచ్చింది. మా గైడ్ గారు మూడు కారణాలు చెప్పి మాన్-విట్నీ (స్కోర్లకు బదులు వాటి ర్యాంకులను పోల్చే టెస్ట్) చేయమంటున్నారు: ఒక గ్రూపు నార్మల్ కాదు, ఇంకో గ్రూపులో 30 మంది కూడా లేరు, పైగా ఇది లైకర్ట్ డేటా (మెట్లుగా ఉన్న జవాబులకు అంకెలు ఇచ్చినది). డిపార్ట్‌మెంట్‌లో ఇంకో మేడమ్ సగటులను పోల్చే టీ-టెస్టే సరైనదంటున్నారు. ఇదే విద్యార్థులను చదువు మీద ఎంత సంతృప్తిగా ఉన్నారని ఒకే ఒక్క ప్రశ్న 1–5 స్కేలు మీద అడిగాను. దానికీ అదే టెస్టా? వైవాలో అడిగితే కారణం చెప్పగలగాలి.

మనోమితి
పీఎస్‌ఎస్ మొత్తానికి వెల్చ్ టీ-టెస్ట్ (రెండు గ్రూపుల వేరియన్స్, అంటే స్కోర్ల చెదురు, సమానమని అనుకోనిది) చేయండి. గైడ్ గారు చెప్పిన మూడింటిలో ఏదీ దాన్ని ఆపదు.

షాపిరో-విల్క్ సంగతి ముందు చూద్దాం. 20 మంది ఉన్నప్పుడు డేటా బాగా ఒక పక్కకు ఒరిగినా అది పట్టుకోలేకపోవచ్చు. 300 మంది ఉంటే లెక్కలోకి రానంత చిన్న ఒరుగును కూడా పట్టి పీ 0.001 చూపించగలదు. అంటే నార్మాలిటీ గురించి నిజంగా ఆలోచించాల్సిన చోట నోరు మెదపదు, ఆ అవసరం తగ్గిన చోట గట్టిగా అరుస్తుంది. మీ 0.04 వచ్చింది 60 మంది ఉన్న గ్రూపులో. అక్కడ సగటు తాలూకు విభాజనం మామూలు ఒరుగుకు చెదిరిపోదు. హిస్టోగ్రామ్, క్యూ-క్యూ ప్లాట్ (డేటాను నార్మల్ విభాజనంతో పోల్చే పటం) గీసి చూడండి. ఒక వైపు తోక కాస్త పొడుగ్గా ఉంటే పరవాలేదు. జనమంతా 0 దగ్గరో 40 దగ్గరో పేరుకుపోతే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇంకో తప్పు చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది: రెండు గ్రూపులనూ కలిపేసి నార్మాలిటీ చూడటం. గ్రూపుల మధ్య నిజంగా తేడా ఉంటే కలిపిన డేటాకు రెండు మూపురాలు రావచ్చు. చూడాల్సింది గ్రూపు లోపల.

"30 లోపు అయితే నాన్-పారామెట్రిక్ (మాన్-విట్నీ లాంటివి)" అనే సూత్రానికి ఆధారం లేదు. గ్రూపుకి ముగ్గురే ఉన్నారనుకోండి. ఆరు ర్యాంకులను రెండు గ్రూపులకు మూడేసి చొప్పున పంచే పద్ధతులు 20. కాబట్టి రెండు వైపుల మాన్-విట్నీలో రాగల అతి చిన్న పీ విలువ 2/20, అంటే 0.10. ఎంత పెద్ద తేడా ఉన్నా 0.05 కిందికి రాదు. చిన్న శాంపిల్‌కి అది మందు ఎలా అవుతుంది?

మీ డేటాలో అసలు భయపడాల్సింది 20, 60 అనే అసమానం. చిన్న గ్రూపులో వేరియన్స్ ఎక్కువ ఉంటే మామూలు స్టూడెంట్ టీ-టెస్ట్ లేని తేడాను ఉన్నట్టు చూపిస్తుంది. ఉదాహరణకు హాస్టల్ ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) 9, డే స్కాలర్ల ఎస్‌డీ 5, సగటుల తేడా 3.6 అనుకోండి. రెండు వేరియన్స్‌లనూ కలిపి లెక్కేసే స్టూడెంట్ పద్ధతిలో ప్రామాణిక దోషం 1.61, టీ 2.24, పీ సుమారు 0.03. వెల్చ్ పద్ధతిలో ప్రామాణిక దోషం 2.11, టీ 1.70, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 78 నుంచి 23కి పడిపోతుంది, పీ సుమారు 0.10. డేటా అదే, నిర్ణయం మారిపోయింది. సాఫ్ట్‌వేర్ సంగతి: ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఫలితం రెండు వరుసల్లో వస్తుంది, వేరియన్స్‌లు సమానం కావని చెప్పే రెండో వరుస తీసుకోండి. లెవీన్ టెస్ట్ (వేరియన్స్‌లు సమానమో కాదో చూసేది) చూసి వరుస ఎంచుకోవద్దు, నేరుగా రెండోదే. ఆర్‌లో టీ-టెస్ట్ కమాండ్ ఏమీ చెప్పకపోయినా వెల్చే చేస్తుంది. జమోవిలో వెల్చ్ దగ్గర టిక్ పెట్టాలి.

తూనిక
మనోమితి గారూ, షాపిరో గురించీ వెల్చ్ గురించీ మీతో పేచీ లేదు. మూడో కారణాన్ని మాత్రం మీరు దాటేశారు. లైకర్ట్ జవాబుల మధ్య దూరాలు సమానమని ఎవరు కొలిచారు? "ఎప్పుడూ లేదు" నుంచి "దాదాపు ఎప్పుడూ లేదు"కీ, "తరచుగా" నుంచి "చాలా తరచుగా"కీ ఒకటే దూరమా? 1946లో మనస్తత్వవేత్త స్టీవెన్స్ నాలుగు రకాల కొలత స్కేళ్లు చెప్పినప్పుడు లేవనెత్తిన చిక్కు ఇదే.

ఇది వట్టి సిద్ధాంతం కాదు. ఒక గ్రూపులో అందరూ 3 అన్నారు, సగటు 3. ఇంకో గ్రూపులో సగం మంది 1, సగం మంది 4, సగటు 2.5. మొదటి గ్రూపే ఎక్కువ. ఇప్పుడు మనుషుల మనసులో నాలుగో జవాబు మూడోదానికి చాలా ఎత్తున ఉందనుకుని దానికి 4 బదులు 6 ఇవ్వండి. రెండో గ్రూపు సగటు 3.5 అయి పైకి వస్తుంది. జవాబుల వరుస ఎక్కడా మారలేదు, ఎవరు ఎక్కువ అన్నది తిరగబడింది. ర్యాంకుల టెస్ట్ 4 అన్నా 6 అన్నా ఒకే ఫలితం ఇస్తుంది. 2018లో లిడెల్, క్రుష్కె ఇదే చూపించారు: ఆర్డినల్ డేటాను (వరుస మాత్రమే తెలిసి, దూరాలు తెలియనిదాన్ని) మామూలు అంకెలుగా చూస్తే లేని తేడా కనబడొచ్చు, ఉన్న తేడా మాయం కావచ్చు, దిశ కూడా తిరగబడొచ్చు.

పోనీ ర్యాంకులు వాడితే నష్టం ఎంత? డేటా పక్కా నార్మల్ అయినా, పెద్ద శాంపిల్‌లో టీ-టెస్ట్‌తో పోలిస్తే సామర్థ్యం 0.955. తేడా 0.5 ఎస్‌డీ, పవర్ (ఉన్న తేడాను పట్టే అవకాశం) 80 శాతం అనుకుంటే టీ-టెస్ట్‌కి గ్రూపుకి 64 మంది కావాలి, ర్యాంకులకు 67 దాకా. ముగ్గురు ఎక్కువ, అంతే. గ్రూపుల మధ్య తేడా విభాజనం పక్కకు జరగడమే అయితే ఆకారం ఏదైనా ఆ సామర్థ్యం 0.864 కంటే దిగదని హాడ్జెస్, లేమన్ 1956లోనే నిరూపించారు. తోకలు బరువుగా ఉంటే ర్యాంకులే చాలా ముందుంటాయి. ఇంత చవకగా భద్రత దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి?

మనోమితి
తూనిక గారూ, మీ 3, 4, 6 ఉదాహరణ ఒక్క ప్రశ్న విషయంలో నిజం, ఒప్పుకుంటాను. కానీ పీఎస్‌ఎస్ మొత్తం అంటే పది జవాబులను కూడినది. దూరాలకు అర్థం లేదంటే కూడికకే అర్థం లేదు. ముందు కూడేసి, ఆ మొత్తానికి ర్యాంకులు ఇస్తే పాత తప్పు తుడిచిపెట్టుకుపోదు. ఒకరి 20లో పది జవాబులూ 2లు, ఇంకొకరి 20లో ఐదు 4లు, ఐదు 0లు. వాళ్లిద్దరినీ సమానం చేసింది ఎవరు? మాన్-విట్నీ కాదు, అంతకు ముందు చేసిన కూడిక.

ముందు-తర్వాత కొలతలకు మీ పక్షం వాళ్లు వాడే విల్కాక్సన్ సైన్డ్-ర్యాంక్ సంగతీ చూడండి. అది ఒక్కొక్కరి తేడాను తీసివేతతో లెక్కగట్టి, ఆ తేడాలను పెద్దా చిన్నా అని వరుస పెడుతుంది. 1 నుంచి 2కి వచ్చిన మార్పూ, 4 నుంచి 5కి వచ్చిన మార్పూ సమానమని ఒప్పుకుంటే తప్ప ఆ వరుస కుదరదు. మీ సూత్రాన్ని కచ్చితంగా పాటించాలంటే పెరిగిందా తగ్గిందా అని మాత్రమే చూసే సైన్ టెస్ట్ దగ్గరే ఆగిపోవాలి.

భద్రత మాట: వేరియన్స్‌లూ గ్రూపు సైజులూ తేడాగా ఉంటే మాన్-విట్నీ పీ విలువ కూడా దారి తప్పుతుంది. హాస్టల్ స్కోర్లు ఎక్కువగా చెదిరి ఉంటే అక్కడ మీరనే భద్రత దొరకదు. ర్యాంకులే కావాలంటే వేరియన్స్‌లు సమానమని అనుకోని, 2000లో వచ్చిన బ్రూనర్-మున్జెల్ టెస్ట్ వాడాలి.

గణాంకబడి
ఇద్దరూ ఊహల మీదే వాదిస్తున్నారు. అంతకంటే ముందు అడగాల్సింది: ఈ రెండు టెస్టులూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నాయా? లేదు.

మాన్-విట్నీ మీడియన్లను పోలుస్తుందని మన తరగతి నోట్సుల్లో రాసి ఉంటుంది. రెండు విభాజనాల ఆకారం ఒకటే అయి, ఒకటి పక్కకు జరిగినప్పుడే ఆ మాట చెల్లుతుంది. సంతృప్తి ప్రశ్న తీసుకుని, లెక్క తేలికగా ఉండటానికి గ్రూపుకి 40 మంది చొప్పున ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి గ్రూపులో 1 నుంచి 5 దాకా వరుసగా 2, 6, 20, 10, 2 మంది. రెండో గ్రూపులో 8, 10, 20, 2, 0. రెండింటికీ మీడియన్ 3. మాన్-విట్నీ చేస్తే యూ 1116, టైలకు (సమానంగా వచ్చిన స్కోర్లకు) సవరించిన జెడ్ సుమారు 3.3, పీ 0.001 దగ్గర. "మీడియన్లలో గణనీయమైన తేడా ఉంది, 3 మరియు 3" అని థీసిస్‌లో ఎలా రాస్తారు?

అది నిజంగా చెప్పేది వేరు. 1116ని 40 × 40, అంటే 1600తో భాగించండి: 0.70. మొదటి గ్రూపు నుంచి ఒకరిని, రెండో గ్రూపు నుంచి ఒకరిని యాదృచ్ఛికంగా తీస్తే మొదటివారి సంతృప్తి ఎక్కువగా ఉండే సంభావ్యత 0.70, సమానం వస్తే సగం చొప్పున పంచి. ఇది చక్కని, పనికొచ్చే అంకె. యూ, జెడ్, పీ మాత్రమే రాసి దీన్ని వదిలేస్తున్నారు, బాధ అదే. మీ పరికల్పన "సగటు ఒత్తిడి ఎన్ని పాయింట్లు ఎక్కువ" అయితే వెల్చ్. "ఒకరిని ఒకరితో పోలిస్తే ఎవరిది ఎక్కువ" అయితే ర్యాంకులు. ప్రశ్నే టెస్టును ఎంచుతుంది. షాపిరో పీ విలువకు ఆ అధికారం లేదు.

తూనిక
కూడిక గురించి మనోమితి గారు అన్నది బలమైన మాటే. అయినా నా వాదన అక్కడితో ఆగదు, ఇంకా వెనక్కి వెళ్తుంది: కూడకముందే ప్రశ్నలవారీగా ఆర్డినల్ మోడల్ కట్టాలి. స్కేలు మొత్తాల్లో కూడా సగటులు వాడటంలోని ప్రమాదం పూర్తిగా పోదు. ముఖ్యంగా అందరూ ఒక కొసకు చేరినప్పుడు. మామూలు కాలేజీ విద్యార్థులకు కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ఇస్తే 0–27లో ఎక్కువ మంది 5 లోపే ఉండే అవకాశం ఉంది. అక్కడ రెండు గ్రూపుల తేడాను పాయింట్లలో చెప్పి ఏం లాభం? ఒక జోక్యం వల్ల ఒక గ్రూపు ఎక్కువ తగ్గిందనే ఇంటరాక్షన్ (ఒక అంశం ప్రభావం గ్రూపును బట్టి మారడం) కూడా నేల తగలడం (స్కోర్లు ఇక దిగలేని కనిష్ఠానికి చేరడం) వల్లే కనిపించవచ్చు. అలాంటి ఇంటరాక్షన్లు కొన్ని స్కేలు మారిస్తే మాయమవుతాయని లాఫ్టస్ 1978లోనే హెచ్చరించారు.

సంతృప్తి ప్రశ్నకైతే నా సలహా సూటిగా: ఆర్డర్డ్ ప్రాబిట్ లేదా ఆర్డర్డ్ లాజిట్ (వరుస మాత్రమే ఉన్న జవాబుల కోసం కట్టే మోడళ్లు). ఆర్‌లో ఆర్డినల్ ప్యాకేజీలోని సీఎల్‌ఎమ్ చాలు. జవాబుల మధ్య గీతలు ఎక్కడ పడ్డాయో డేటాయే చెబుతుంది, దూరాలు సమానమని మనం అనుకోనక్కర్లేదు. 20 మందిలో ఏదైనా జవాబును ఒక్కరు కూడా ఎంచుకోకపోతే అంచనాలు ఊగుతాయి. అందుకని ముందు పట్టిక వేసుకుని చూడండి.

మనోమితి
ఒక్క ప్రశ్నకు ఆర్డినల్ మోడల్, నాకూ సమ్మతమే. పీఎస్‌ఎస్ మొత్తం దగ్గర మాత్రం వెల్చ్ మాట మీదే ఉంటాను. స్టీవెన్స్ కూడా అదే వ్యాసంలో ఆర్డినల్ కొలతల మీద సగటులు వాడటం చాలాసార్లు ఫలవంతమైందని ఒప్పుకున్నారు.

స్కాలర్ గారూ, టెస్ట్ కంటే ముందు ఒకటి సరిచూసుకోండి. పీఎస్‌ఎస్-10లో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసి స్కోర్ చేయాలి: 0 అంటే 4, 1 అంటే 3, అలా. ఇది మరిచిపోతే ఒత్తిడి ఎక్కువున్నవాళ్ల మార్కులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తాలు మధ్యకు ముడుచుకుపోతాయి, క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) కుప్పకూలుతుంది. ఐటమ్-టోటల్ పట్టికలో (ఒక్కో ప్రశ్నకు మిగతా మొత్తంతో ఉన్న సహసంబంధం) ఈ నాలుగింటికీ మైనస్ గుర్తు కనిపిస్తే కారణం దాదాపు అదే.

క్షేత్రం
ఇంతసేపూ ఎవరూ అడగలేదు. ఆ 20 మంది ఎన్ని హాస్టళ్ల వాళ్లు? 60 మంది ఎన్ని సెక్షన్ల వాళ్లు?

స్కాలర్_మనస్తత్వం
రివర్స్ స్కోరింగ్ చేశానండీ, ఆల్ఫా 0.81. హాస్టల్ ఒక్కటే. డే స్కాలర్లు మూడు సెక్షన్లు, ఒక్కో దాంట్లో 20 మంది.

క్షేత్రం
అయితే మీ డేటాలో పెద్ద లోపం ఇక్కడ ఉంది. వెల్చ్, మాన్-విట్నీ, ఆర్డర్డ్ ప్రాబిట్ అన్నీ ఒక మనిషి జవాబుకు ఇంకొకరి జవాబుతో సంబంధం లేదనే నమ్ముతాయి. ఒకే గదిలో కూర్చుని, అదే ఇంటర్నల్ పరీక్ష రాసే వాళ్ల ఒత్తిడి ఒకలా కదులుతుంది. సెక్షన్ లోపల సహసంబంధం 0.05 మాత్రమే అనుకున్నా డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా తీసుకోవడం వల్ల సమాచారం ఎన్నో వంతుకు తగ్గిందో చెప్పేది) 1 + 19 × 0.05 = 1.95. మీ 60 మంది సుమారు 31 మంది పాటి సమాచారమే ఇస్తారు. నార్మాలిటీ తప్పడం కంటే ఇది పీ విలువను ఎక్కువగా పాడుచేస్తుంది, షాపిరో దీన్ని చూడనే చూడదు.

హాస్టల్ వైపు ఇంకా కష్టం. ఒకే హాస్టల్ కాబట్టి "హాస్టల్‌లో ఉండటం", "ఆ హాస్టల్‌లో ఉండటం" అనే రెండింటినీ విడదీయడానికి దారే లేదు. అక్కడి తిండి, వార్డెన్, నీళ్ల ఇబ్బంది అన్నీ ఆ సగటులో కలిసిపోయాయి. మల్టీలెవెల్ మోడల్ (గుంపుల మధ్య తేడాను విడిగా లెక్కగట్టేది) పెట్టినా కుదరదు, ఆ వైపు క్లస్టర్ (గుంపు) ఒక్కటే ఉంది. 20 మందిని 200 చేసినా అదే హాస్టల్ అయితే ఉపయోగం లేదు. ఎనిమిది, పది హాస్టళ్ల నుంచి ఐదారుగురు చొప్పున తీసుకుంటే మొత్తం అరవై లోపే ఉండి కూడా వాదన నిలబడుతుంది.

స్కాలర్_మనస్తత్వం
ఇంకా కొంత డేటా తీసుకునే సమయం ఉంది. అప్పుడు రెండు టెస్టులూ చేసి రెండూ రాస్తే సరిపోతుందా?

తూనిక
రాయవచ్చు. రెండూ ఒకే వైపు చూపితే చదివేవాళ్లకు నమ్మకం పెరుగుతుంది.

గణాంకబడి
ముఖ్యమైనది ఏదో ముందే చెప్పి ఉంటేనే. ఫలితం చూశాక బాగా వచ్చినదాన్ని ముందుకు తెస్తే 5 శాతం అనే హద్దుకు అర్థం పోతుంది. కొత్త డేటా తీయకముందే సవరించిన సినాప్సిస్‌లో రాసి గైడ్ గారి సంతకం తీసుకోండి: పీఎస్‌ఎస్ మొత్తానికి హాస్టల్, సెక్షన్ క్లస్టర్లుగా మల్టీలెవెల్ మోడల్ ప్రధానం, బ్రూనర్-మున్జెల్ సరిచూడటానికి మాత్రమే, అదీ క్లస్టర్లను లెక్కలోకి తీసుకోదని ఒప్పుకుంటూ. సంతృప్తికి ఆర్డర్డ్ ప్రాబిట్, క్లస్టర్ ప్రభావంతో. దానికి సీఎల్‌ఎమ్ బదులు అదే ప్యాకేజీలోని సీఎల్‌ఎమ్‌ఎమ్ వాడాలి. ఇప్పటికే చూసేసిన 80 మంది డేటాను పైలట్ అని పేరుపెట్టి విడిగా ఉంచండి, కొత్తదానితో కలపకండి.