ఎన్నూరు చూసేదానికి పోవచ్చా? తిరుపతి నుంచి శని, ఆదివారం ప్లాన్

కొర్లగుంట అక్క:
అందరికీ నమస్తే. మా చెల్లెలు వాళ్ళు ఈమధ్యే చెన్నైలో విమ్కో నగర్‌కు మారారు, వాళ్ళాయన డ్యూటీ అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఎన్నూరు వైపు. ఎప్పుడొస్తారు ఎప్పుడొస్తారు అని ఒకటే ఫోన్లు. శనివారం పొద్దున తిరుపతిలో బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరదామని అనుకుంటున్నాం. అమ్మ కూడా వస్తుంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. చిన్నోడికి వీజింగ్ ఉంది, అసలు టెన్షన్ అదే. మా ఆయనకు బుల్లెట్ పిచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందు ఒక్క ఫోటో దిగితే చాలంటాడు. పిల్లలేమో బీచ్ బీచ్ అని ప్రాణం తీస్తున్నారు. ఎవరినడిగినా "ఎన్నూరా? పొగ తప్ప ఏముంది అక్కడ" అంటున్నారు. నిజంగానే ఏమీ లేదా, ఒక పూట తిరిగేంత ఉందా? సెంట్రల్‌లో దిగి పోవడం మేలా, సూళ్లూరుపేటకు పోయి లోకల్ పట్టుకోవడం మేలా? పులికాట్ కూడా దగ్గరే అంటున్నారు, అదే ట్రిప్పులో కుదురుతుందా? పోయొచ్చినవాళ్ళు చెప్పండి. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ డ్రోన్ షాట్లే, ఒక్కడూ బాత్రూం ఎక్కడుందో చెప్పడు.

భవానీనగర్ బాబు:
అక్కా, పిల్లల్ని వెంటబెట్టుకుని ఎన్నూరుకు ఎవరైనా పోతారా? నేరుగా మెరీనాకు పోండి, మిరపకాయ బజ్జీలు తినండి, వచ్చేయండి. ఎన్నూరులో చూడాల్సింది కంటెయినర్ లారీల క్యూ ఒక్కటే.

పేటవాసి:
బాబు మాటలో సగం నిజముంది. నేను సూళ్లూరుపేట నుంచి చెన్నైకి రోజూ లోకల్‌లో పోయొచ్చే మనిషిని, ఎన్నూరు రోజూ నా కిటికీ పక్కనుంచే పోతుంది, అయినా అక్కడ నీళ్ళ మీది రైలు బ్రిడ్జి వచ్చేసరికి ఇప్పటికీ ఫోన్ జేబులో పెట్టేసి బయటికే చూస్తాను.

ముందు దారి సంగతి. అమ్మగారిని పెట్టుకుని మా పేట దారి వద్దు. తిరుపతి నుంచి బస్సు, ఇక్కడ ప్లాట్‌ఫామ్ మీద పడిగాపులు, మళ్ళీ లోకల్‌లో సీటు కోసం తోపులాట, అంత అవసరం లేదు. తిరుపతిలో పొద్దున చెన్నై రైలెక్కి సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో నేరుగా విమ్కో నగర్‌కే పోతుంది. 2021లో అక్కడిదాకా పొడిగించారు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి, బాత్రూములూ ఉన్నాయి. దారిలో అరక్కోణం దాటాక పిల్లలకు ఒక మాట చెప్పండి, దక్షిణ దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఆ దారినే అని. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వేశారు. రాయపురం స్టేషన్ పాత భవనం ఇంకా నిలబడే ఉంది, స్తంభాలతో జమీందారు బంగళాలా ఉంటుంది.

లోకల్ ఎక్కాల్సింది ఆదివారం పొద్దున, విమ్కో నగర్‌లో, గుమ్మిడిపూండి వైపు పోయేది. కుడివైపు కిటికీ పట్టుకోండి. కతివాక్కం, ఎన్నూరు స్టేషన్లు దాటగానే నీళ్ళొస్తాయి. నడుంలోతు నీళ్ళలో వంగి, బురదలో చేత్తో తడిమి రొయ్యలు పట్టేవాళ్ళు కనబడతారు, తాటాకు బుట్ట పళ్ళతో కరిచి పట్టుకుని ఉంటారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. వాళ్ళ వెనకే పొగగొట్టాలు. హైటెన్షన్ టవర్లు కూడా నీళ్ళలోనే పాతి ఉంటాయి. పొద్దున పూట పోతే కొంగలూ ఉంటాయి. ఇవన్నీ ఒకే కిటికీలో రెండు నిమిషాలే కనిపిస్తాయి, నా దృష్టిలో ఎన్నూరు అంటే అదే.

పార్కులాగా లోపలికి పోయి చూసేదానికి అక్కడ ఏదీ తెరిచి ఉండదు. పోర్టులోకి పర్మిషన్ లేకుండా వదలరు. ఊరు మాత్రం పాతది. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 1806లోనే కాలువ తవ్వారు, దాన్నే పొడిగించుకుంటూ పోయి, 1877-78 కరువులో కూలి పని కింద ఇంకా తవ్వించి, బకింగ్‌హామ్ కాలువ అన్నారు. శ్రీహరికోట కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి పోయింది ఆ కాలువలోనే. తర్వాత ఫ్యాక్టరీలు. 1970లో థర్మల్ స్టేషన్ మొదలైంది, 2017లో దాన్ని మూసేశారు. పోర్టు పని మొదలుపెట్టింది 2001లో, అసలు థర్మల్ స్టేషన్లకు బొగ్గు దించేందుకే కట్టారు, 2014లో కామరాజర్ పేరు పెట్టారు. 2011లో కోర్టు ఉత్తర్వుతో చెన్నై హార్బర్‌లో దిగే బొగ్గు కూడా ఇక్కడికే మళ్ళింది. చెన్నై తనకొద్దనుకున్నవన్నీ ఒక్కొక్కటిగా ఎన్నూరుకు నెట్టింది, ఇప్పుడేమో అదే జనం అక్కడంతా పొగ అని ముక్కు మూసుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అలాగని చిన్నోడి విషయంలో ధైర్యం చెప్పలేను. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద లారీల దుమ్ము మామూలుగా ఉండదు. 2023 డిసెంబరు 26 రాత్రి సముద్రం కిందున్న పైపులోంచి అమోనియా లీకైతే పెరియకుప్పం, చిన్నకుప్పం జనం నిద్రలో లేచి రోడ్డు మీదికి పరిగెత్తారు. అది రోజూ జరిగేది కాదు, కానీ అలాంటి చోటు అది. డాక్టర్ని అడగండి, ఇన్‌హేలర్ బ్యాగులో కాదు చేతిలో ఉండాలి, ఆ రోడ్డు మీద ఆటోల్లో తిప్పొద్దు. బీచ్ సంగతి మర్చిపోండి, సముద్రం కోసుకుపోకుండా పొడుగునా బండరాళ్ళు పోశారు, స్నానానికి పనికిరాదు.

చిత్తూరు ఛాసీ:
మా నాయన లారీ డ్రైవర్. కొన్నాళ్ళు ఎన్నూరు నుంచి బెజవాడ ఆటోనగర్‌కు ఛాసీలు తోలేవాడు. బాడీ కట్టక ముందు లారీని చూశారా ఎప్పుడైనా? క్యాబిన్ ఉండదు, తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఇంజనూ స్టీరింగూ చక్రాలూ, వెనక పొడుగ్గా ఇనుప ఫ్రేమ్, అంతే. ఒక చెక్క సీటు బిగించుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఎదురుగాలిలో హైవే మీద పోవాల. వానొస్తే వానలోనే. ఇంటికొచ్చినప్పుడు మొహం సగం నల్లగా సగం తెల్లగా ఉండేది, తువ్వాలు కట్టినంత మేర తెలుపు.

కాబట్టి బావగారిని బుల్లెట్ గేటు దగ్గరే ఆపొద్దు, ఎన్నూరులో లారీలు చేసే అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ వైపు కూడా ఒక చూపు చూడమనండి. 1948లో అశోక్ మోటార్స్ అని పెట్టినప్పుడు అక్కడ బిగించింది ఆస్టిన్ కార్లు, లేలాండ్ పేరు 1955లో చేరింది. తిరువొత్తియూరులో బుల్లెట్ మొదలైందీ ఆ ఏడే, మన మిలిటరీ ఆర్డర్ పుణ్యమా అని. విమ్కో నగర్ అనే పేరు కూడా అగ్గిపెట్టెల కంపెనీదే. అంటే మీ చెల్లెలు ఉండేది అగ్గిపెట్టెల ఊర్లో, పక్కన బుల్లెట్లు, ఆపైన లారీలు. ఫోటోకు సెక్యూరిటీవాళ్ళు వద్దంటే వాదన పెట్టుకోకుండా రోడ్డుకు ఇవతలి నుంచి తీసుకోమనండి.

నగరి మగ్గం:
ఎన్నూరు మనకు పరాయి ఊరేం కాదు సామీ. కార్వేటినగరం వైపు కుశస్థలి, మా నగరి ఏరు, రెండూ తమిళనాడులోకి పోయి, 1944లో కట్టిన పూండి జలాశయం దగ్గర కలిసి, చివరికి ఎన్నూరు దగ్గరే సముద్రంలో పడతాయి. కృష్ణాపురం గేట్లెత్తితే పళ్ళిపట్టు వైపు జాగ్రత్త జాగ్రత్త అని దండోరా వేస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు ఆ వరదల్లోనే చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు దగ్గర ఏరంతా నల్లబడింది, పడవలకు, వలలకు తారు పూసినట్టు పట్టేసింది, వారాల తరబడి వేట లేదు. పేటవాసి చెప్పిన ఆ రొయ్యలోళ్ళు నిలబడేది మన కొండల్లో కురిసిన వాన నీళ్ళలోనే.

ఇంకొకటి, మా వృత్తి కాబట్టి చెప్తున్నా. మెట్రోలో కాలడిపేట అని స్టేషన్ వస్తుంది. 1717 నుంచి 1720 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న కొలెట్ అనే దొర నేతగాళ్ళ కోసం కట్టించిన పేట అది. ఇప్పుడు మగ్గాల కోసం వెతకొద్దు, వరదరాజ పెరుమాళ్ గుడి ఉంది, చూసి రండి.

కొర్లగుంట అక్క:
అబ్బా, ఇంతమంది ఇంత చెప్తారనుకోలేదు, థ్యాంక్స్. బీచ్ లేదని పిల్లలకు చెప్పా, మొహాలు మాడ్చుకున్నారు. అమ్మ తిరువొత్తియూరు గుడికి తప్పకుండా పోవాలంటోంది. పులికాట్‌లో బోటు ఎక్కొచ్చా? పిల్లలకు దాన్నైనా ఆశ చూపిస్తా.

కపిలతీర్థం గట్టు:
బోటు ఆశ మాత్రం చూపించొద్దమ్మా. 2011 క్రిస్మస్ రోజు పులికాట్‌లో పడవ బోల్తాపడి 22 మంది పోయారు. ఎవడో వచ్చి తక్కువకు తిప్పుతానన్నా ఎక్కొద్దు.

పులికాట్‌కు పొన్నేరిలో దిగి బస్సులో పోవాలి, 20 కిలోమీటర్ల లోపే. డచ్చివాళ్ళు 1613 నాటికి అక్కడ కోట కట్టుకుని, కోరమండల్ వ్యాపారమంతా 1690 దాకా అక్కడి నుంచే నడిపారు. కోట దగ్గర ఇప్పుడు చూసేదానికేం మిగల్లేదు గానీ వాళ్ళ స్మశానం భద్రంగా ఉంది. గేటుకు అటొకటి ఇటొకటి అస్థిపంజరాలు చెక్కి ఉంటాయి, మీ పిల్లలకు బీచ్ కంటే అదే నచ్చొచ్చు. చలికాలమైతే ఫ్లెమింగోలు. కానీ వాటికోసం చెన్నై దాకా ఎందుకు, 2022 నుంచి సూళ్లూరుపేట, పులికాట్‌లో మన వైపు భాగమూ మన తిరుపతి జిల్లాలోవే కదా.

గుడికి తేరడి మెట్రో స్టేషన్‌లో దిగండి, దగ్గరే. త్యాగరాజస్వామి మన తిరుపతికి వచ్చిన ఆ యాత్రలోనే తిరువొత్తియూరులో వీణ కుప్పయ్యరు ఇంట్లో దిగి, అక్కడి త్రిపురసుందరి మీద ఐదు కీర్తనలు కట్టారు, అన్నీ తెలుగులోనే. అమ్మగారు పాడుకునే మనిషైతే చెప్పండి, మురిసిపోతారు. ఆ గుళ్ళో శివుడు, ఆదిపురీశ్వరుడు, ఏడాదంతా కవచంలో ఉంటాడు, కార్తీక పౌర్ణమి నుంచి మూడు రోజులే కవచం తీస్తారు, ఆ రోజుల్లో మాత్రం మోకాళ్ళ నొప్పులతో పోవద్దు, జనాన్ని తట్టుకోలేరు.

పేటవాసి:
గట్టు గారి మాటే నాదీ, పులికాట్ ఈసారి వదిలేయండి. పొన్నేరిలో దిగి బస్సు, మళ్ళీ వెనక్కి, ఆదివారం సాయంత్రం తిరుపతి బండి అందుకోవాలంటే పరుగే. శనివారం సాయంత్రం గుడి. ఆదివారం ఎండ ఎక్కకముందే మింజూరు దాకా లోకల్‌లో పోయి అదే లైన్లో వెనక్కి రండి, చిన్నోడు బోగీలోనే ఉంటాడు, దుమ్ము బాధ తక్కువ. అమ్మగారికి లోకల్ మెట్లు ఎత్తు, ఆమెను ఇంట్లోనే ఉండనివ్వండి. బావగారి ఫోటో ఆ తర్వాత ఎప్పుడైనా.

భవానీనగర్ బాబు:
అన్నీ చెప్పారు గానీ తిండి మాట ఎవరూ ఎత్తలేదే?

చిత్తూరు ఛాసీ:
చేపలకైతే కాసిమేడు హార్బర్, ఆదివారం తెల్లారేసరికే కాలు పెట్టే సందుండదు, కాబట్టి అక్కా వాళ్ళు శనివారమే మరిదిగారిని పంపి పీతలు తెప్పించుకుంటే మేలు. లేదా తిరుగు ప్రయాణంలో బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ దగ్గర 'అత్తో' అని అమ్ముతారు, అది తినండి, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు తెచ్చిన నూడిల్స్, చింతపండు పులుసు, వేయించిన ఉల్లిపాయలు, కారం వేసి చేత్తో కలిపిస్తారు. పిల్లలకు కారం తక్కువ వేయమని ముందే చెప్పాల. మెరీనా బజ్జీ దీని ముందు దిగదుడుపే బాబూ.