గాలిలో వయొలోజెన్ రాడికల్ నీలిరంగు నిలిచిందంటే అది ద్రావణి గొప్పతనమేనా?

ప్రశ్న (గుంటూరు, ఎమ్మెస్సీ విద్యార్థిని)

నమస్కారమండీ. ప్రాజెక్టులో భాగంగా మిథైల్ వయొలోజెన్‌ను సోడియం డైథియొనైట్‌తో క్షయకరించి (అంటే ఎలక్ట్రాన్‌ను అందించి), ఏర్పడే రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న కణం) నీలిరంగును 605 నానోమీటర్ల వద్ద కొలుస్తున్నాను. నీటిలో చేసినప్పుడు సీసా మూత తీసి కాసేపు కుదిపితే రంగు వెలిసిపోతోంది. మా ప్రయోగశాలలో గాలి తగలకుండా పనిచేసుకునే గ్లోవ్ బాక్స్ లేదు. అందుకని కోలీన్ క్లోరైడ్, యూరియాలను 1:2 మోలార్ నిష్పత్తిలో కలిపి వేడిచేస్తే వచ్చే డీప్ యూటెక్టిక్ ద్రావణిలో (విడివిడిగా కంటే కలిస్తే చాలా తక్కువ వేడికే కరిగే మిశ్రమంలో) అదే ప్రయోగం చేశాను. అందులో మూత తీసి ఉంచినా రంగు చాలాసేపు నిలిచింది. రాడికల్‌కు నిజంగా స్థిరత్వం వచ్చినట్టేనా?

సమాధానం (విజయవాడ, రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలమ్మా. మిథైల్ వయొలోజెన్ అంటే పొలాల్లో కొట్టే పారాక్వాట్ గడ్డిమందే. అది ఒంట్లోకి పోతే విరుగుడు లేదు కనుక చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. రాడికల్ తన ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్‌కు ఇచ్చి సూపరాక్సైడ్ అనే హానికర ఆక్సిజన్ రూపాన్ని పుట్టించడమే కలుపు మొక్కను చంపుతుంది, మీ సీసాలో రంగును పోగొట్టేదీ అదే.

మీరు వాడిన మిశ్రమం 2003లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు చెందిన ఆండ్రూ ఆబట్ బృందం వెలుగులోకి తెచ్చినది. కోళ్ల దాణాలో కలిపే కోలీన్ క్లోరైడ్ 302 డిగ్రీల దగ్గర, వరికి చల్లే యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతాయి, కానీ ఆ రెండూ కలిస్తే 12 డిగ్రీలకే ద్రవమవుతాయి. ఆ ద్రవం స్నిగ్ధత (చిక్కదనం) 25 డిగ్రీల వద్ద 750 సెంటీపాయిజ్ దాకా ఉంటుంది, నీటిది ఒకటి కూడా ఉండదు. అంత చిక్కని ద్రవంలో పైనున్న గాలి నుంచి ఆక్సిజన్ లోపలికి దిగడానికే చాలా సమయం పడుతుంది. కనుక రాడికల్ స్వభావం మారిందని అప్పుడే అనుకోకండి, ఆక్సిజన్ దాన్ని ఆలస్యంగా చేరుతూ ఉండవచ్చు. స్నిగ్ధతే కారణమైతే గ్లిసరాల్‌లో కూడా రంగు నిలవాలి. ఆ పోలిక తప్పక చేయండి, కదపకుండా ఒకసారి, బాగా కలుపుతూ ఒకసారి.

సమాధానం (గుంటూరు, పరిశోధక విద్యార్థి)

సార్ చెప్పినదానికి తోడు, నాకు అసలు అనుమానం డైథియొనైట్ మీదే ఉంది. అది స్వయంగా ఆక్సిజన్‌ను తినేస్తుంది, పైగా వెలిసిపోయిన వయొలోజెన్‌ను మళ్లీ క్షయకరిస్తుంది. సీసా అడుగున కరగని పొడి మిగిలి ఉంటే, అది అయిపోయేవరకు నీలిరంగు పోదు, ఆ ఘనత మాత్రం ద్రావణి ఖాతాలో పడుతుంది. జింక్ పొడితో క్షయకరించి, నైట్రోజన్ కింద వడకట్టి, ఆ తర్వాతే గాలి తగలనిచ్చి కాలం లెక్కించండి. ఈ మిశ్రమం తేమను ఇట్టే పీల్చుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. మన వానాకాలపు గాలిలో రాత్రంతా మూత తీసి ఉంచితే స్నిగ్ధత పడిపోతుంది, నిన్నటి కొలతకూ నేటి కొలతకూ పొంతన ఉండదు. ప్రతిసారీ నీటి శాతం రాసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే చూశాను, సీసా అడుగున తెల్లటి పొడి నిజంగానే ఉంది. పక్క ప్రయోగశాలలో సోమవారం నైట్రోజన్ సిలిండర్ ఇస్తామన్నారు. జింక్‌తో నీటిలో, గ్లిసరాల్‌లో, ఈ మిశ్రమంలో ఒకే గాఢత తీసుకుని మళ్లీ మొదలుపెడతాను.