సూదులు పెట్టించినంక నొప్పి డబుల్ అయింది, గోలీ ఇంకోటి ఇయ్యచ్చా?

కొత్తవాడ పోరడు
అన్నలు జర ఎవరన్న చెప్పున్రి, రాత్రి తొమ్మిది నుంచి వీడియోలు చూసి చూసి తలకాయ తిరుగుతుంది, ఒకడేమో మామూలే అంటడు ఇంకోడు ఊపిరితిత్తికి బొక్క పడ్తదంటడు. మా బాపుకు కండల నొప్పికి డ్రై నీడ్లింగ్ చేయించిన, పది సూదుల దాక గుచ్చిన్రు, ఒక్కసారికే తేలికైతది అన్నరు. తేలిక సంగతి దేవుడెరుగు, ఇప్పుడు ముట్టుకోనిస్తలేడు, నల్లగ కమిలింది. నొప్పి గోలీ డైక్లోఫెనాక్ ఒకటి ఇచ్చిన, ఇంకోటి ఇయ్యచ్చా? ఆ క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తుతలేరు.

కాజీపేట జంక్షన్
ఎక్కడ? ఎప్పుడు? దమ్ము వస్తుందా?

కొత్తవాడ పోరడు
హన్మకొండలనే అన్న. క్లినిక్ పేరు వద్దులే.

కాజీపేట జంక్షన్
ఒంట్ల ఎక్కడ అని.

రిటైర్డ్ సార్
బాబూ, ముందు ఒక మాట. ఇది మన దగ్గర ఆక్యుపంక్చర్ పేరుతో ఎప్పటినుంచో ఉన్నదే, చైనా వాళ్ళ విద్య. ఇప్పుడు కొత్త పేరు పెట్టి ఎక్కువ ఫీజు గుంజుతున్నారు. సూది అదే, గుచ్చడం అదే. 2019లో మన కేంద్ర ప్రభుత్వమే ఆక్యుపంక్చర్‌ను వైద్య పద్ధతిగా గుర్తించింది, మరి దాన్ని వదిలేసి ఈ డ్రై ఏమిటి, తడి ఏమిటి?

బీపీటీ ఫైనల్ ఇయర్
సార్ నేను ఫిజియోథెరపీ చదువుతున్న, సూది ఒకటే కానీ లెక్క వేరు. ఆక్యుపంక్చర్‌ల నాడీ మార్గాలు చూసి గుచ్చుతరు, ఇందుల కండల పట్టేసిన ముడి చేతికి తగుల్తది గదా, ట్రిగ్గర్ పాయింట్ అంటరు, దాంట్లనే గుచ్చుతరు. సూది తగలంగనే కండ టక్కున ఎగురుతది. మందు ఉండదు కాబట్టి డ్రై, సూది లోపల బోలు గూడ ఉండదు, పావు మిల్లీమీటర్ మందం అంతే. ఈ ట్రిగ్గర్ పాయింట్ల మీద పుస్తకం రాసింది జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ, అమెరికాల ప్రెసిడెంట్ కెన్నెడీకి సొంత డాక్టర్. ముందు మందు ఎక్కిస్తుండె, తర్వాత 1979ల కారెల్ లెవిట్ అనేటాయన ఉత్త సూదితోనే నొప్పి తగ్గుతుందని పేపర్ రాసిండు.

రిటైర్డ్ సార్
పేర్లు చెప్తే సరిపోదు. ముడిలో గుచ్చడం చైనా వాళ్ళకీ తెలుసు, "ఆ-షి" బిందువులని వాళ్ళ గ్రంథాల్లోనే ఉంది. పేరు మార్చినంత మాత్రాన పేటెంట్ రాదు.

బీపీటీ ఫైనల్ ఇయర్
సరే సార్ మీరే గెలిచిన్రు, ఆయన బాపు సంగతి చూద్దామా? అన్నా, సూదులు పెట్టినంక ఒకటి రెండ్రోజులు కండ సలుపుడు మామూలే, జిమ్‌కు కొత్తగ పోయినట్టు ఉంటది. చిన్న మచ్చ గూడ మామూలే.

మగ్గం మనిషి
బాపు నేతపనా? కొత్తవాడ అన్నవ్ గదా. నేను ముప్పయ్యేండ్లు జంపఖానాలు నేసిన, భుజాలు పోయినయ్. ఎన్ని సూదులు గుచ్చినా మగ్గం ముంగట కూసునే ఎత్తు సరి చేస్కోకపోతే మల్ల అదే నొప్పి, నేను పీట నాలుగు వేళ్లు ఎత్తిచ్చిన, గంటకోసారి లేచి తిరుగుత. సూదులు గీదులు దండుగ.

కొత్తవాడ పోరడు
అవునన్నా నేతపనే. కుడి భుజం మీద, మెడ పక్కన. మొన్న సాయంత్రం పెట్టిన్రు. దమ్ము లేదు, దగ్గు లేదు, అన్నం తిన్నడు. నల్లగ అరచెయ్యంత అయింది, నిన్నటికంటే పెద్దగుంది.

నర్సంపేట మెడికల్
అరచెయ్యంతనా? ఏమన్న గోలీలు వేస్కుంటడా రోజు?

కొత్తవాడ పోరడు
బీపీది, ఇంక గుండెవి. రెండేండ్ల కింద స్టెంట్ ఏసిన్రు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్. వాటికి దీనికి ఏం సంబంధం, కండల గుచ్చిన్రు గదా అందుకే చెప్పలె.

కాజీపేట జంక్షన్
అరే భాయ్.

నర్సంపేట మెడికల్
సంబంధమంతా అదే తమ్మీ. రక్తం గడ్డ కట్టకుండ చేసే గోలీలవి, అందుకే అంత కమిలింది. సూదులకు ముందే ఆల్లు అడగాలె, మీరు చెప్పాలె. డైక్లోఫెనాక్ ఇంకోటి అస్సలు ఇయ్యకు, దానితోటి కడుపుల రక్తం కారుతది, గుండె పేషెంట్‌కు అసలే మంచిది కాదు. అట్లని గుండె గోలీలు నీ అంతట నువ్వు ఆపినవనుకో, స్టెంట్ మూసుకపోయే ప్రమాదం ఉంటది. పొద్దుగాల గుండె డాక్టర్‌కే ఫోన్ కొట్టు.

బీపీటీ ఫైనల్ ఇయర్
నేను మామూలే అని రాసింది గోలీల సంగతి తెల్వక, అది వాపస్ తీస్కుంటున్న. చల్లటి గుడ్డ పెట్టు, గట్టిగ రుద్దకు, కాపుడం వద్దు. వాపు పెరిగి గట్టిపడ్డా, వేళ్లు తిమ్మిరెక్కినా, ఛాతిల నొప్పో దమ్మో వచ్చినా పొద్దుటిదాక ఆగకు, ఎంజీఎం ఆస్పత్రి క్యాజువాల్టీకి పో. మెడ పక్కన సూది లోతుగ దిగితే ఊపిరితిత్తికి తాకే ఛాన్స్ ఉంది, తక్కువే గానీ ఉంది. చెమటలు పట్టినయా?

కొత్తవాడ పోరడు
లెవ్వు. గుడ్డ పెట్టిన.

మగ్గం మనిషి
పీట సంగతి మర్చిపోకు.

రిటైర్డ్ సార్
ఆక్యుపంక్చర్ అయితే ఇలా కమిలేది కాదు.

నర్సంపేట మెడికల్
సార్, అది గూడ సూదే గదా. ఇందాక మీరే అన్నట్టున్నరు.

కొత్తవాడ పోరడు
పండుకున్నడు. డాక్టర్‌కు లైన్ దొరికింది, తీస్కరమ్మన్నడు. థాంక్స్ అన్నలు.

పరకాల రాజా
నీడిల్ సిట్టింగ్‌కు ఎంత తీస్కున్నరు తమ్మీ? మా అమ్మకు మోకాలుకు అడుగుతున్న.