మామోగ్రామ్‌లో బైరాడ్స్ 0 వచ్చింది: నేరుగా ఎంఆర్ఐ చేయించవచ్చా?

ప్రశ్న

మా అక్కకు 46 ఏళ్లు. మామోగ్రామ్ రిపోర్టులో ఎడమ రొమ్ముకు "ఫోకల్ ఎసిమెట్రీ, డెన్సిటీ సి, బైరాడ్స్ 0" అని రాశారు. చేతికి గడ్డ ఏమీ తగలడం లేదు. మళ్లీ మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించమన్నారు. ఇన్ని పరీక్షలెందుకు, ఎంఆర్ఐ తీయిస్తే ఒక్కసారే తేలిపోతుంది కదా అని ఇంట్లో అంటున్నారు. అక్కకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1

బైరాడ్స్ అంటే రొమ్ము చిత్రాల్లో క్యాన్సర్ అనుమానం ఎంత ఉందో చెప్పడానికి రిపోర్టులో వేసే అంకె. అది 0 అంటే క్యాన్సర్ ఉందనీ కాదు, లేదనీ కాదు. ఉన్న చిత్రాలతో నిర్ణయానికి రాలేకపోయారని మాత్రమే అర్థం. ఫోకల్ ఎసిమెట్రీ అంటే రెండో రొమ్ములో లేని తెల్లని మచ్చ ఒకచోట కనిపించడం. డెన్సిటీ సి ఉన్నవారిలో గ్రంథి కణజాలం ఎక్కువగా ఉండి మామోగ్రామ్‌లో తెల్లగా కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది కాబట్టి ఒకదాని చాటున మరొకటి ఉండిపోయే అవకాశం ఉంటుంది. అందుకే ఈసారి చిన్న పలకతో ఆ ఒక్క భాగాన్నే నొక్కి చిత్రం తీస్తారు. ఒకదానిపై ఒకటి పడిన కణజాలమే అయితే అది విడిపోయి, ఆ మచ్చ కనిపించకుండా పోతుంది. టోమోసింథసిస్ (3డి మామోగ్రామ్) ఉన్నచోట రొమ్మును పలుచని పొరలుగా చూడవచ్చు. అక్కడున్నది నీటితో నిండిన సిస్టా, గట్టి గడ్డా అన్నది అల్ట్రాసౌండ్ చెబుతుంది. అయితే సన్నని కాల్షియం రేణువులను పట్టుకోవడంలో మామోగ్రామే మేలు. వాటిపై అనుమానం ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ బాగుందని ఊరుకోకూడదు.

సమాధానం 2

పాత మామోగ్రాములుంటే రిపోర్టులతో సరిపెట్టకుండా అసలు చిత్రాలనే తీసుకెళ్లండి. కొన్నేళ్లుగా మార్పు లేకుండా ఉన్నదే అని తేలితే అనుమానం చాలావరకు తగ్గుతుంది.

ఎంఆర్ఐ చిన్న తేడాను కూడా పట్టేసే పరీక్షే, కాదనను. కానీ నరంలోకి గాడోలినియం మందు ఎక్కించి తీసే ఆ చిత్రాల్లో క్యాన్సర్ కానివి కూడా వెలుగుతాయి, దానివల్ల అనవసరపు బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) జరిగే అవకాశముంది. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారికీ, క్యాన్సర్ నిర్ధారణ అయ్యాక అది ఎంతమేర ఉందో చూడడానికీ దాని ఉపయోగం ఎక్కువ. మీ అక్క విషయంలో డాక్టరు చెప్పిన వరుసే సరైనదని నా అభిప్రాయం.

సమాధానం 3

తర్వాతి రిపోర్టులో బైరాడ్స్ 3 వస్తే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా 6 నెలలకు మళ్లీ చూస్తారు. 4 వస్తే బయాప్సీ అడుగుతారు. ఆ 4లోనే 4ఎ అంటే 2 నుంచి 10 శాతం, 4సి అంటే 50 నుంచి 95 శాతం కాబట్టి పక్కనున్న అక్షరాన్ని తప్పక అడిగి తెలుసుకోండి. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ముక్క తీస్తారు. క్యాన్సరా కాదా అన్నది చివరకు తేల్చేది ఆ ముక్కే, ఏ స్కానూ కాదు. ఈలోగా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా వెంటనే చూపించండి.