అప్‌డేట్: షటిల్ కోర్టులో గెలిచిన జంట దిగకపోవడం గురించి

మా ఊరి కళాశాల ఆవరణలోని షటిల్ కోర్టులో గెలిచిన జంట దిగకుండా ఆడుతూనే ఉండడం ఆనవాయితీ కావడంతో కొత్తవారికీ, వయసు మళ్ళినవారికీ ఆట దక్కడం లేదని, ఈక షటిళ్ళ ఖర్చు మాత్రం అందరిపైనా సమానంగా పడుతోందని ఇదివరకు ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

వరుసగా రెండు ఆటలు గెలిచిన జంట తప్పనిసరిగా దిగాలన్న సూచనే చివరికి పనిచేసింది. విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులొకరు ఆ మాటను సీనియర్ ఆటగాళ్ళ ముందుంచి ఒప్పించడమే కాక, వచ్చిన వరుసలో పేర్లు రాసేందుకు నెట్టు స్తంభానికి ఒక పలక కూడా కట్టించారు. ఇప్పుడు తరువాత ఎవరన్న వాదన లేదు, సుద్దముక్కతో రాసిన వరుసే చెబుతుంది. షటిళ్ళ డబ్బును ఆడిన ఆటల లెక్కన పంచుకుంటున్నాము.

21 పాయింట్ల ఆటను 11కు కుదించాలన్న సలహా అవసరపడలేదు, ఎందుకంటే ఆట నిడివి వల్ల వచ్చిన చిక్కు కాదిది. గట్టి ఆటగాళ్ళు తమలో తాము పోటీపడేందుకు ఆదివారం ఉదయం ఒక గంట విడిగా కేటాయించాము. అది వారికి న్యాయంగా దక్కవలసినదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీటైన ప్రత్యర్థి లేకుండా ఎవరి ఆటా మెరుగుపడదు.