రాక్ పాటకి రెండు తీగలు చాలా, ఆరూ మోగాలా?

గంటస్తంభం: విజయనగరంలో మా కాలేజీ ఫంక్షన్‌కి గిటారు మీద రాక్ పాట వాయించాలి. జీ, సీ, డీ కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) వస్తాయి. ఎఫ్ దగ్గర చూపుడు వేలు ఆరు తీగల మీద సరిగ్గా పడదు, సగం తీగలు మూగబోతున్నాయి. రెండు తీగల పవర్ కార్డ్‌తో లాగించేయొచ్చా?

నాగావళి రిథమ్: వద్దు బాబూ. అది కార్డే కాదు. కార్డ్ అంటే కనీసం మూడు స్వరాలు. దాంట్లో స, ప తప్ప గాంధారం లేదు. మేజరో మైనరో చెప్పేది గాంధారమే. నేను శ్రీకాకుళంలో 11 ఏళ్లు ఆర్కెస్ట్రాలో రిథమ్ వాయించాను. ఎఫ్ బార్ (ఒకే వేలితో ఆరు తీగలూ నొక్కడం) పట్టడానికి మూడు నెలలు పట్టింది. నువ్వూ పట్టు.

డిస్టార్షన్ బాబు: గురువుగారూ, డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటారు మోతని గరుకు చేసేది) పెట్టి ఆరు తీగలూ గీకితే గాంధారం గరగరలాడుతుంది. అందుకే స-ప పట్టుకుంటారు. ఎఫ్‌కి ఆరో తీగ ఒకటో ఫ్రెట్ (మెట్టు), ఐదో తీగ మూడో ఫ్రెట్, అంతే. అరచేతి అంచు బ్రిడ్జి (తీగలు ఆనే గుర్రం) దగ్గర ఆనించి ఎనిమిది డౌన్‌స్ట్రోకులు. తంబూరాలో మోగేదీ ప-స-స-స. దాన్ని సగం శ్రుతి అంటారా?

నాగావళి రిథమ్: తంబూరా ముందు పాడేవాడుంటాడు. గాంధారం వాడిస్తాడు.

డిస్టార్షన్ బాబు: మా ముందూ ఉంటాడు కదండీ!

నాగావళి రిథమ్: రెండు స్వరాల్ని కార్డ్ అనరు.

డిస్టార్షన్ బాబు: వంకాయ అనండి. మోగుతుందా లేదా?

కోట దగ్గర: 1919లో పెట్టిన మన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పిన వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే.

డిస్టార్షన్ బాబు: దానికీ ఎఫ్‌కీ సంబంధం ఏటండీ? అసలు మీరు కష్టపడ్డారని అందరూ కష్టపడాలా?

నాగావళి రిథమ్: కష్టపడ్డాను, అవును. తర్వాత ఏమైందో విను. స్టైల్ బటన్ ఉన్న కీబోర్డు కొన్నారు. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే డ్రమ్సు, బేసు, గిటారు అన్నీ అదే వాయిస్తుంది. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ‘అన్నా, ఈసారికి రిథమ్ వద్దులే’ అన్నారు. ఇవాళ రెండు తీగలు చాలంటారు. రేపు ఆ రెండూ ఎందుకంటారు.

డిస్టార్షన్ బాబు: అది చెప్పరేం సార్. నన్నూ ‘రిథమే కదా’ అంటారు. కానీ నా లెక్కలో రిథమ్ అంటే కుడి చెయ్యి. తీగ తగలని చోట కూడా కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి.

నాగావళి రిథమ్: టైమింగ్‌లో బటన్‌ని గెలవలేవు. గాంధారం ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వదలాలో మాత్రం మనిషికే తెలుస్తుంది.

కోట దగ్గర: ఇంతకీ కుర్రాడిది ఎలక్ట్రిక్కా, అకౌస్టిక్కా?

గంటస్తంభం: అకౌస్టిక్, కరెంటు లేనిది. అరువు తెచ్చింది. తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి.

నాగావళి రిథమ్: ముందే చెప్పొద్దా! దాని మీద స-ప బోడిగా ఉంటుంది. కింది నాలుగు సన్న తీగలతో చిన్న ఎఫ్ పట్టు. చూపుడు వేలు రెండు తీగల మీద ఆనితే చాలు.

డిస్టార్షన్ బాబు: నాలుగైతే ఒప్పుకుంటారా?

నాగావళి రిథమ్: గాంధారం ఉంది బాబూ అందులో.

గంటస్తంభం: చిన్న ఎఫ్ మోగింది! కానీ సీ నుంచి మారేలోపు పాట వెళ్లిపోతోంది.

డిస్టార్షన్ బాబు: కుడి చెయ్యి ఆపకు. ఖాళీ తీగలు మోగినా పర్లేదు.

నాగావళి రిథమ్: ఖాళీ తీగలా!